జూన్ 3కీ 12కీ మధ్య తొమ్మిది రోజులు

సంపాదకుల వారికి నమస్కారం.

నాది ఇందుకూరుపేట. నెల్లూరు నుంచి మైపాడు పోయే రోడ్డు మీద ముప్ఫై నాలుగేళ్లుగా సైకిల్ కొట్టు నడుపుతున్నాను. పదో తరగతి వరకు చదివాను. పొద్దున్నే కొట్టు తీయగానే మీ పేపరు చదవడం అలవాటే గానీ, పేపరుకు ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదలు. పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక వార్త వచ్చింది. నెల్లూరులోని ఒక సైకిల్ క్లబ్బు వాళ్లు జూన్ 3న ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజు మైపాడు బీచ్ దాకా రైడ్ పెడుతున్నారని, దానికి వచ్చిన విరాళాలతో పేద విద్యార్థులకు కొత్త సైకిళ్లు ఇస్తారని. అది చదివాక రెండు రోజులు ఆలోచించి ఇది రాస్తున్నాను. వాళ్లు తలపెట్టింది మంచి పని. అందులో కొంచెం మార్పు చేస్తే పదిమందికి అందేది రెండు వందల మందికి అందుతుంది. ఆ మార్పేంటో నాకు తెలుసు కాబట్టి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

కొత్త సైకిళ్ల కోసం వసూలు చేసే డబ్బులో సగమైనా, పిల్లల ఇళ్లలో మూలన పడి ఉన్న పాత సైకిళ్లు బాగుచేయడానికి పెట్టండి. రైడ్ జూన్ 3న. బడులు తెరిచేది జూన్ 12న. మధ్యలో తొమ్మిది రోజులున్నాయి. ఆ తొమ్మిది రోజులు ఊరూరా రిపేరు క్యాంపులు పెట్టండి. నేను అడిగేది ఇదే.

ఆ రోజులే ఎందుకంటే, సైకిలు పాడయ్యేది తొక్కినప్పుడు కంటే ఊరికే నిలబెట్టినప్పుడు ఎక్కువ. ఏప్రిల్ ఆఖరుకు బడులు మూస్తారు. పిల్లలు సైకిలు తెచ్చి గోడకు ఆనిస్తారు, ఇంక దాని ముఖం చూడరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్లే పగిలే ఎండకు రబ్బరు ఎంత? గాలి మెల్లగా దిగిపోతుంది. దిగిన టైరు మీద సైకిలు బరువంతా పడి, మడత పడిన చోటే పగులుతుంది. బ్రేకు రబ్బర్లు రాయిలా గట్టిపడతాయి. గ్రీజు ఎండిపోతుంది. దానికి తోడు మా పక్క సముద్రపు గాలి, రొయ్యల గుంటల ఉప్పు తేమ. నెలన్నర తుడవకపోతే చైను ఎర్రగా తుప్పు పట్టి లింకులు కదలవు. జూన్ 11 సాయంత్రం మా కొట్టు ముందు పెళ్లింటి ముందు ఉన్నంత మంది ఉంటారు. పిల్లలందరికీ తెల్లారేసరికి సైకిలు కావాలి. తల్లిదండ్రుల చేతుల్లో ఆ వారం డబ్బులుండవు. పెద్దవాడి కాలేజీ ఫీజో, పొలం ఖర్చో ముందు వరసలో ఉంటుంది. 'వచ్చే నెల తీసుకుపోతాంలే' అని సైకిలు నా దగ్గరే వదిలేసి పోతారు. కొందరు ఆ వచ్చే నెల కూడా రారు.

ఒక పాప సంగతి చెప్పాలి. రెండేళ్ల కిందట, ఆగస్టు నెల. గంగపట్నం వైపు ఒక పల్లె నుంచి తొమ్మిదో తరగతి చదివే పాప సైకిలు తోసుకుంటూ వచ్చింది. చెమటతో ముఖమంతా తడిసిపోయింది. "తాతా, టైరూ ట్యూబూ రెండూ మార్చాలంట. ఎంతవుద్ది?" అని అడిగింది. ఎవరు చెప్పారమ్మా అంటే నాన్న చెప్పాడంది. వాళ్ల నాన్న రొయ్యల గుంటల కాడ కాపలా. రాత్రంతా అక్కడే, పగలు నిద్ర. ఇవ్వాళ రేపు అంటూ నెలలు గడిచాయి. చివరికి వాళ్లమ్మ కూలి డబ్బుల్లో నుంచి రెండు వందలు తీసి ఆ పాప చేతికిచ్చి పంపింది.

నేను టైరు విప్పలేదు. ముందు గాలి కొట్టాను. వేలికి నాలిక తడి చేసుకుని వాల్వు మూతి మీద రాశాను. చిన్న బుడగ లేచింది, పగిలింది, మళ్లీ లేచింది. పోయేది అక్కడ. నట్టు తిప్పి లోపలి పిన్ను బయటికి లాగితే, దాని మీద తొడిగి ఉండే సన్నటి రబ్బరు గొట్టం, మేము వాల్ ట్యూబు అంటాం, ఎండకు జిగురైపోయి చీలి ఉంది. కొత్త గొట్టంలో ఒక ముక్క కత్తిరించి, తడిపి, పిన్నుకు తొడిగి బిగించాను. మళ్లీ వేలితో తడి రాశాను. బుడగ లేదు. టైరూ బాగుంది, ట్యూబూ బాగుంది. ఆ రబ్బరు ముక్క ఖరీదు రెండు రూపాయలు.

ఆ రెండు రూపాయల రబ్బరు ముక్క లేక ఆ పాప జూన్ నుంచి ఆగస్టు దాకా నడిచి బడికి పోయింది. పోను నాలుగు కిలోమీటర్లు, రాను నాలుగు. ఎన్ని రోజులు మానేశావమ్మా అని అడిగితే వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, "చానా" అంది. రెండు వందలు తిరిగి ఇచ్చేశాను. సైకిలెక్కి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మా ఆవిడ ఐదో తరగతితో ఆగిపోయిన మనిషి. హైస్కూలు దూరం. వాళ్లింట్లో సైకిలు ఉంది గానీ అది వాళ్ల అన్నది. ఆడపిల్ల సైకిలెక్కితే ఊరేమనుకుంటుందో అనే రోజులవి. నన్ను చేసుకున్నాక, కొట్టు మూసిన తర్వాత, రాత్రిపూట అద్దె సైకిలు మీద నేర్చుకుంది. మోకాళ్లు దోక్కుపోయిన మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. "ఇది పదేళ్ల ముందు నేర్చుకుని ఉంటే టీచరునయ్యేదాన్ని" అని ఒకసారి అంది. అందుకే ప్రభుత్వం 'బడికొస్తా' పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చినప్పుడు, సాయంత్రం బడి వదిలాక రోడ్డు నిండా ఆడపిల్లల సైకిళ్లు పోతుంటే ఆమె వాకిట్లో నిలబడి చూసేది. ఆడపిల్ల చదువు ఆగకుండా నడవాలంటే ముందు చక్రం తిరుగుతూ ఉండాలని మా ఇంట్లో ఇద్దరికీ తెలుసు.

ఇంక కొత్త సైకిళ్ల విషయం. ఎవరి పేరూ చెప్పను, ఎందుకంటే ఇచ్చినవాళ్లు మంచి మనసుతోనే ఇచ్చారు. కొన్నేళ్ల కిందట మా దగ్గర ఒక బడిలో దాతలు పదిహేను కొత్త సైకిళ్లు పంచారు. స్టేజీ, ఫోటోలు, చప్పట్లు, అన్నీ అయ్యాయి. ఏడాది తిరగకుండా వాటిలో ఆరు నా కొట్టుకే వచ్చాయి. మూడు పూర్తిగా మూలపడ్డాయని పిల్లలే చెప్పారు. సైకిళ్ల తప్పేమీ లేదు. వాటిని హడావిడిగా బిగించి ఇచ్చారు, తర్వాత ఎవరూ చూడలేదు. కొత్త చక్రంలో పుల్లలు, అంటే స్పోకులు, తొక్కేకొద్దీ సర్దుకుని వదులవుతాయి. మొదటి నెల తిరిగేలోపు ఒకసారి వాటిని లాగి బిగించాలి. పెద్ద సైకిలుకు ముందు చక్రంలో 32, వెనక చక్రంలో 40 పుల్లలుంటాయి. వదులైన చోట ఒకటి తెగితే దాని భారం పక్కదాని మీద పడుతుంది, కొన్నాళ్లకు అదీ తెగుతుంది. ఒక పిల్లాడు ఐదు పుల్లలు తెగిన చక్రానికి కొబ్బరి తాడు అడ్డంగా కట్టుకుని తెచ్చాడు. అప్పటికి రిమ్ము వంకర తిరిగిపోయింది. ఇంకొక దానికి పెడలు కడ్డీని ఇరుసుకు పట్టి ఉంచే కాటర్ పిన్ను వదులైతే, ఎవరూ బిగించక ఆ కడ్డీ బొక్కే అరిగిపోయింది. పది నిమిషాల పని ఆరు వందల ఖర్చయింది. అందుకని కొత్త సైకిలు ఇచ్చేవాళ్లు దానితో పాటు ఏడాది మరమ్మతు కూడా ఇచ్చినట్టే అనుకోవాలి. ఆ ఊళ్లో ఉన్న మెకానిక్కుకు ముందే డబ్బు కట్టి, పిల్లవాడి చేతికి ఒక కార్డు ఇవ్వండి. మూడు నెలలకొకసారి చూపించుకుంటాడు.

క్లబ్బు వాళ్ల గురించి చెప్తాను. ఆదివారం తెల్లవారుజామున వాళ్లు మా కొట్టు ముందు నుంచే మైపాడు పోతారు. సూర్యుడు సముద్రంలో నుంచి లేచేసరికి బీచ్‌లో ఉంటారు, ఎనిమిదింటికల్లా తిరిగి వస్తారు. మొదట్లో వాళ్ల సైకిళ్లు, హెల్మెట్లు చూసి వీళ్లకూ మనకూ ఏం సంబంధం అనుకునేవాణ్ని. మూడేళ్ల కిందట వాళ్లలో ఒక డాక్టరు గారికి మా కొట్టు ముందే పంచరైంది. నేను లేచేలోపే ఆయన రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని టైరు ఊడదీశాడు. టైరు లోపలంతా వేలు పెట్టి నిమిరి, ముల్లు ఎక్కడుందో వెతికి తీసి, అప్పుడు ట్యూబు చూసుకున్నాడు. ముల్లు తీయకుండా ప్యాచీ వేస్తే మళ్లీ పది గజాల్లో పంచరే. ఆ సంగతి తెలిసిన చేతులవి. ఆయన 200 కిలోమీటర్ల రైడ్లు చేస్తాడట. పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి, దారిలో ఏం చెడినా ఎవరి సాయం లేకుండా తానే చూసుకోవాలి. వాళ్ల వాల్వులు సన్నంగా వేరేగా ఉంటాయి గానీ, ఆయన పంపు మూతి మన మామూలు సైకిలు వాల్వుకు కూడా చక్కగా పట్టింది. అది చూసి ఇద్దరం సంతోషపడ్డాం.

టీ తాగుతూ ఆయన కొట్టు మూలన ఉన్న సైకిళ్లు చూశాడు. "అన్నా, ఇవి అమ్మకానికా?" అన్నాడు. "కాదు సార్, బడిపిల్లలవి. నూటేభైకో మూడొందలకో ఆగిపోయినవి" అన్నాను. పదకొండు ఉన్నాయి అప్పుడు. ఆయన లేచి ఒక్కొక్కదాన్నీ చేత్తో తిప్పి చూశాడు. ఏమీ మాట్లాడలేదు. తర్వాతి ఆదివారం నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. సామాను డబ్బులు వాళ్లు పెట్టుకున్నారు, కూలి నేను వద్దన్నాను. మధ్యాహ్నానికల్లా పదకొండూ రోడ్డెక్కాయి.

ఆ నెలలోనే మా హైస్కూల్లో ఒక క్యాంపు పెట్టారు. హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు, పీఈటీ సారు పిల్లలకు కబురు చేశారు. వేపచెట్టు కింద రెండు నీళ్ల టబ్బులు, నా పనిముట్లు, వాళ్ల రెండు పెద్ద పంపులు. 41 సైకిళ్లు వచ్చాయి. నేను లెక్క రాసుకున్నాను, ఆ నోటుబుక్కు ఇప్పుడు నా ముందే ఉంది. 19 సైకిళ్లకు గాలి, వాల్ ట్యూబు, చైనుకు నూనె, బ్రేకు సర్దుబాటు తప్ప ఇంకేమీ అక్కర్లేకపోయింది. 13 పంచర్లు. కొన్నిటికి టైర్లు, ట్యూబులు. పెద్ద పని పట్టినవి ఐదే. సామాను ఖర్చు మొత్తం ఆరు వేల చిల్లర. అంటే ఒక కొత్త సైకిలు ఖరీదులో నలభై ఒక్కమంది పిల్లలు ఇంటికి తొక్కుకుంటూ పోయారు.

ఆ రోజు ఏడో తరగతి పిల్లాడొకడు నా పక్కనే కూర్చుని 'నేను వేస్తా తాతా' అంటే, వాడికి పంచరు వేయడం నేర్పాను. గరుకు కాగితంతో ట్యూబు రుద్దాడు, సొల్యూషన్ రాశాడు, వెంటనే ప్యాచీ అతికించాడు. ఊడొచ్చింది. సొల్యూషన్ ఆరాక అతికించాలి, తడి మీద అతకదు అని చెప్పి మళ్లీ రాయించాను. వాడు వేలి కణుపుతో తాకి చూస్తాడు, "ఇప్పుడా తాతా?" అంటాడు. "ఇంకా" అంటాను. ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. మూడోసారి తాకితే వేలికి అంటలేదు. ప్యాచీ పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. ట్యూబును నీళ్లలో ముంచి, బుడగ రాకపోయేసరికి ఆ టబ్బు చుట్టూ ఉన్నవాళ్లంతా అరిచారు. క్లబ్బు వాళ్లు పోతూ పోతూ ఒక పంపు, టైరు ఊడదీసే కడ్డీలు, స్పానర్లు, సొల్యూషన్ డబ్బాలు బడికే ఇచ్చారు. పీఈటీ సారు వాటిని ఒక పెట్టెలో పెట్టి తాళం పదో తరగతి పిల్లలకు అప్పగించారు. ఆ ఏడాది నాకు పంచర్ల బేరం తగ్గింది. అంతకంటే నాకు కావాల్సింది లేదు.

కానీ ఆ క్యాంపు ఆ ఒక్కసారే జరిగింది. డాక్టరు గారు బదిలీ మీద వేరే ఊరు వెళ్లారు. క్లబ్బు వాళ్లు తర్వాతి ఏళ్లలో రక్తదానం పెట్టారు, బీచ్‌లో ప్లాస్టిక్ ఏరారు, మొక్కలు నాటారు. అన్నీ అవసరమే. బీచ్ శుభ్రం చేసిన రోజు నేనూ వెళ్లాను. అయితే సైకిలు తొక్కేవాళ్లకు సైకిలు సంగతి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రక్తదానం ఎవరైనా పెట్టగలరు. చక్రం వంకర తీయడానికి వాళ్లే రావాలి.

పాత సైకిలుకు ఏం పెడతాం, ఇనప సామానుకు వేయడమే మేలు అనేవాళ్లకు ఒక మాట. 2021 నవంబరులో పెన్నాకు వరదొచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే దెబ్బతిన్నాయి. పెన్నా గట్టు పక్క పల్లెల్లో వారం రోజులు బురదలో ఉన్న సైకిళ్లను జనం నా దగ్గరికి తెచ్చారు. చక్రం మధ్యలో ఉండే హబ్బులు విప్పితే లోపల ఒండ్రుమట్టి ముద్దలు ముద్దలుగా వచ్చింది. లోపలి బాల్సు, అంటే చిన్న ఉక్కు గుండ్లు, ఒక్కొక్కటీ ఏరి, కిరసనాయిలులో కడిగి, వెనక హబ్బుకు అటు తొమ్మిది ఇటు తొమ్మిది లెక్కపెట్టి, కొత్త గ్రీజులో కూర్చోబెట్టాను. మా అబ్బాయి రాత్రిళ్లు టార్చి పట్టుకున్నాడు. ఆ సైకిళ్లలో ఒకటి ఇప్పటికీ పాల క్యాన్లు మోస్తూ రోజూ మా కొట్టు ముందు నుంచి పోతుంది. రిమ్ము, ఫ్రేము బాగుంటే సైకిలు చావదు.

నెల్లూరు అపార్టుమెంట్ల కింద, మాగుంట లేఔట్, రామలింగాపురం వైపు, పిల్లలు ఎదిగిపోయాక దుమ్ము పట్టిన సైకిళ్లు ఎన్నో ఉంటాయి. క్లబ్బు వాళ్లకు ఆ ఇళ్లతో పరిచయాలుంటాయి. అడిగితే ఇస్తారు. గేర్లు, స్ప్రింగులు ఉన్నవి మాత్రం పల్లెలకు పంపొద్దు. ఉప్పు గాలికి ఆ గేర్ల తీగలు బిగుసుకుపోతే సామాను ఇక్కడ దొరకదు, ఆ పిల్లవాడికి అది భారమే. సాదా సైకిళ్లు తేండి. ఇంకొకటి, బాగుచేసిన ప్రతి సైకిలుకూ వెనక ఎర్ర రేడియం స్టిక్కరు, పెడళ్లకు పసుపుది అంటించండి. పిల్లలు ట్యూషను నుంచి ఏడింటికి వస్తారు. అదే టైముకు ఈ రోడ్డు మీద రొయ్యల ఐసు బండ్లు పోతుంటాయి. చీకట్లో లైటు పడితే మెరిసే ముక్క పది రూపాయలు. ఆ ఏడింటి నుంచి ఏడున్నర దాకా నేను రోజూ టెన్షన్‌గానే ఉంటాను.

ఈ ఏడాది బడులు మూసేశారు కాబట్టి పిల్లలకు కబురు పీఈటీ సార్ల ద్వారా, వాట్సాప్ గ్రూపుల ద్వారా పంపాలి. వచ్చే ఏడాది నుంచి సెలవులివ్వక ముందే చెప్పొచ్చు. మండలానికి ఇద్దరు ముగ్గురు నాలాంటి పాత మెకానిక్కులు ఇంకా ఉన్నారు. కుర్రాళ్లంతా బైకుల పనికి పోయారు. మా వాళ్లను పిలవండి, రోజు కూలి ఇవ్వండి. నేను కూలి తీసుకోను, అది నా ఇష్టం. మిగతావాళ్ల దగ్గర దానం పేరుతో పని ఊరికే చేయించుకోవద్దు, వాళ్లకూ ఇల్లు గడవాలి. రైడ్‌కు వచ్చే ప్రతి ఒక్కరూ ఆ తొమ్మిది రోజుల్లో ఒక పూట ఇస్తే చాలు. పంపు కొట్టడం, టబ్బులో నీళ్లు మార్చడం, చైను తుడవడం ఎవరైనా చేయగలరు. మాకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ బురదలు అయ్యాక, సంక్రాంతి సెలవుల్లో ఇంకొకసారి చూసుకుంటే ఏడాది గడిచిపోతుంది.

క్లబ్బు వాళ్లలో ఎవరైనా ఈ ఉత్తరం చదివితే, వచ్చే ఆదివారం మైపాడు నుంచి తిరిగొచ్చేటప్పుడు మా కొట్టు దగ్గర ఆగండి. ఈ రోజుకు మూలన ఎనిమిది సైకిళ్లున్నాయి. దేనికి ఏ సామాను కావాలో, ఎంతవుతుందో చీటీలు రాసి ఒక్కోదాని హ్యాండిలుకు కట్టి పెట్టాను.

ఇట్లు,
ఒక సైకిల్ మెకానిక్కు,
ఇందుకూరుపేట, నెల్లూరు జిల్లా.